వదిన పెరటి నేల గురించి నా మాట

నా పేరు బిట్రా వెంకటసుబ్బమ్మ. వయసు డెబ్బై నాలుగో, డెబ్బై ఐదో. ఉండేది చల్లపల్లిలో, కాలవ పక్కన నాలుగు వాటాల వరస ఇళ్ళున్నాయి, అందులో రెండో వాటా. ఇంట్లో నేను, నా కొడుకు, కోడలు, ఒక మగ్గం. నాకు చదువు రాదు. నేను చెబుతుంటే మూడో వాటా అమ్మాయి రాస్తోంది. చెప్పింది చెప్పినట్టు రాయాలని, తనకి కష్టం అనిపించినా మాట మార్చకూడదని ముందే ఒట్టు వేయించుకున్నాను.

మూడో వాటా వదిన పోయింది. ఈ అమ్మాయి తల్లి. పోయి ఇవాళ్టికి తొమ్మిది రోజులు.

ఆ పొద్దున నేను పడుగుకి గంజి కాస్తున్నాను. ఈ అమ్మాయి వచ్చి గుమ్మంలో నిలబడి, "అత్తయ్యా, అమ్మ లేవడం లేదు" అంది. గంజి దించి వస్తానన్నాను. దించి, మూత పెట్టి, స్టవ్వు ఆపి, చేతులు తుడుచుకుని అప్పుడు వెళ్ళాను. అంత నింపాదిగా ఎందుకు వెళ్ళానో నాకు తెలీదు. నేను వెళ్ళేసరికి వదిన ఒళ్ళు చల్లబడి ఉంది. గోడవైపు తిరిగి పడుకుని ఉంది. దుప్పటి సరిచేశాను. ఏడుపు రాలేదు. ఇప్పటికీ రాలేదు. అందరూ నన్ను చూసి గుండె గట్టిది అనుకుంటున్నారు. గట్టిదీ కాదు, మెత్తదీ కాదు. అక్కడేమీ తెలియడం లేదు, అంతే.

వదిన అన్నానని నా అన్నగారి భార్య అనుకోవద్దు. వాళ్ళు ముస్లిములు, మేము నేతవాళ్ళం. వాళ్ళాయన బజారులో దర్జీ. ఈ ఇళ్ళకి ఇంచుమించు ఒకేసారి వచ్చాం. వచ్చిన రోజే గోడ మీంచి నిప్పు అడిగింది, నేను ఇచ్చాను. మర్నాడు గిన్నెలో సేమ్యా వచ్చింది. ఆ పూట నుంచి నాకు ఆవిడ వదిన, ఆవిడకి నేను వదిన.

మా నాలుగు వాటాలకీ వెనక ఒకటే పెరడు. మేం వచ్చినప్పుడు అది పెరడు కాదు, బురదగుంట. అందరి వాడుకనీళ్ళూ అక్కడ నిలిచి, దోమలు లేచి, మిగిలింది వీధి కాలవలోకి పోయేది. అక్కణ్ణుంచి పంటకాలవలోకి. అదే నీళ్ళు కింద ఊళ్ళో ఎవరో తాగుతారని మాకు తట్టేది కాదు. వేసవిలో కాలవలు కట్టేస్తే చెరువునీళ్ళకి బిందెలు పట్టుకుని పరుగులు. బోరు కొడితే ఉప్పునీళ్ళు. నీళ్ళకోసం జుట్టూ జుట్టూ పట్టుకునే మనుషులం, వాడిన నీళ్ళని మాత్రం బురదలో కలిపేవాళ్ళం.

వదిన రోజుకి ఐదుసార్లు నమాజుకి ముందు చేతులు, మొహం, కాళ్ళు కడుక్కునేది. అందరిలా గచ్చు మీద కాదు. పెరట్లో ఒక పలకరాయి వేసుకుని, దాని పక్కన కరివేపాకు మొక్క నాటింది. ఒక్క చెంబు నీళ్ళు. కడుక్కుంటుంటే జారినవి జారినట్టు మొక్క మొదట్లోకి పోయేవి. పూటకొక చెంబు. ఐదు చెంబులతో ఆ మొక్క నా నడుమంత ఎదిగింది. మొక్కకి కూడా నమాజు నేర్పుతున్నావా వదినా అని ఎకసెక్కం చేశాను. "అది నాకంటే ముందే లేస్తుంది, నేనే దాని దగ్గర నేర్చుకుంటున్నా" అంది. మాటలో నన్ను గెలిచే మనుషులు చల్లపల్లిలో ఇద్దరో ముగ్గురో.

తర్వాత మమ్మల్నందరినీ పోగేసి, పెంకుముక్కలతో ఒక సన్నకాలవ కట్టించింది. నాలుగు వాటాల వంటింటి నీళ్ళూ, స్నానాల నీళ్ళూ అందులోకి రావాలి. ముందు ఒక గుంట. అందులో ఇటుకరాళ్ళు, పైన బొగ్గులు, ఆ పైన ఇసక. అక్కడ జిడ్డు ఆగిపోయి, నీళ్ళు మెల్లిగా అరటిచెట్లకి, కందమడికి, గోరింటాకు చెట్టుకి పోయేవి. సబ్బునీళ్ళు ఎక్కువైతే చెట్లకి పడదని తలకి కుంకుడుకాయ, గిన్నెలకి బూడిద అని పట్టుబట్టింది. గ్యాసు వచ్చాక మా ఇళ్ళలో బూడిద లేకపోతే, సందు చివర టీకొట్టు పొయ్యి దగ్గరికి డబ్బా పట్టుకుని తనే వెళ్ళేది. "నీళ్ళకి ఒక్క పనే చెప్పి పంపించెయ్యకూడదు వదినా, ఇంత దూరం వచ్చాయి కదా" అనేది. చుట్టం గురించి అన్నట్టు.

పొయ్యి దగ్గర కూడా అంతే. అన్నం ముప్పావు ఉడకగానే దించేసి, గిన్నెకి గట్టిగా మూత పెట్టి, పాతబొంతలో చుట్టి మూల పెట్టేది. బిరియానీ దమ్ము మీద పెట్టినట్టు, ఉత్త తెల్లన్నానికి. మిగతా ఉడుకు బొంతలోనే. కందిపప్పు రాత్రే నానబెట్టకపోతే నాతో మాట్లాడేది కాదు. నేనూ మొదట్లో నవ్వాను. ఒక వేసవిలో కిరసనాయిలు దొరక్క ఊరంతా అల్లాడుతుంటే మా ఇంట్లో డబ్బాలో ఇంకా సగం ఉంది. అప్పుడు నవ్వడం మానేశాను.

పల్చటి ప్లాస్టిక్ కవర్లు వచ్చిన కొత్తల్లో మాకు అదో సంబరం. చేతులూపుకుంటూ బజారుకి వెళ్ళొచ్చు. వదిన వాళ్ళాయన దర్జీ కొట్టులో మిగిలిన గుడ్డముక్కలన్నీ అతికి, నాలుగు సంచులు కుట్టి, నాలుగు వాటాల గుమ్మాలకీ మేకులు కొట్టి తగిలించింది. లోపల పెడితే మర్చిపోతారట, గుమ్మానికుంటే వెళ్ళేటప్పుడు భుజానికి తగులుతుందట. ఒక సంచిలో పది రంగులు. నాలుగో వాటా కోటేశ్వరమ్మది ఊరుకునే నోరు కాదు. ఈ సంచి చూసి చేపలమ్మే మనిషి కూడా నవ్వుతోంది వదినా అంది. నవ్వించాం కదా, రెండు చేపలు ఎక్కువ వెయ్యమను అంది వదిన.

ఆవిడకి కోపం రావడం ఒక్కసారే చూశాను. కోటేశ్వరమ్మ నీళ్ళపొయ్యి రాజెయ్యడానికి కవర్లు అంటించింది. వదిన వెళ్ళి మండుతున్న పొయ్యిలో చెంబుడు నీళ్ళు పోసి వచ్చేసింది. తర్వాత ఒక గంప కొబ్బరిపీచు తెచ్చి ఆ పొయ్యి పక్కన పెట్టింది. కోటేశ్వరమ్మ వారం రోజులు మొహం తిప్పుకుని, ఆ పీచుతోనే పొయ్యి రాజేసుకుంది.

ఇవన్నీ వీధివాళ్ళకి తెలిసినవే. తెలియనిది ఇప్పుడు చెబుతున్నాను.

అది మా ఆయన దగ్గుతో మంచాన పడ్డ ఏడాది. మగ్గం నేనూ నా కొడుకూ నేసేవాళ్ళం. ఇంట్లో నూలుకి రంగు వెయ్యకూడదని ఇంటాయన ఈ వాటా అద్దెకిచ్చిన రోజే చెప్పాడు. ఇంటాయనది బెజవాడ గవర్నర్‌పేటలో బట్టల కొట్టు, ఆయనకి రంగు సంగతులు తెలుసు. సరేనన్నాం. అంతకుముందున్న ఇంట్లో ఏళ్ళ తరబడి రంగు నేనే వేసేదాన్ని, ఇక్కడికొచ్చాక మానేశాం. కానీ ఆ ఏడాది కొనేవాళ్ళు నల్ల అంచు చీరలు అడిగారు. బయట రంగు వేయించుకునే ఓపిక లేదు. తలుపులేసుకుని వంటింట్లోనే వేశాను. చర్మాన్ని కూడా తినేసే సోడామందు వేసి మరిగించి, నూలు చిలపలు ముంచి, మోచేతుల దాకా నలుపు.

వదిన అప్పుడు మైలవరంలో వాళ్ళక్కకి బాగాలేదని వెళ్ళింది. కాలవలు కట్టేశారు. పెరట్లో చెట్లు వాడిపోతున్నాయి. వెళ్తూ వెళ్తూ నాకే అప్పజెప్పింది, చెట్లని చూస్తూ ఉండు వదినా అని.

రంగు వెయ్యడం అయ్యాక మూడు బకెట్ల నీళ్ళు మిగిలాయి. వాటిని చూశాను. మామూలుగా అయితే వీధి కాలవలో పారబోసేదాన్ని. ఇన్ని నీళ్ళు పారబొయ్యడమా, వదిన ఏమంటుంది, అనుకున్నాను. వేడినీళ్ళు పోస్తే వేళ్ళు కాలుతాయని సాయంత్రం దాకా చల్లార్చాను. అంత జాగ్రత్త పడ్డాను. చల్లారాక మూడు బకెట్లూ తీసుకెళ్ళి అరటికి ఒకటి, గోరింటాకుకి ఒకటి, కరివేపాకుకి ఒకటి పోశాను. మంచిపని చేశానన్న తృప్తితో పడుకున్నాను.

ఇక్కడ ఈ అమ్మాయి రాయడం ఆపింది. "ఇది కూడా రాయాలా అత్తయ్యా?" అంది.

"అదే రాయాలి. తక్కినదంతా దానికోసమే చెప్పాను."

రాసింది. రాసిందో లేదో నాకు చదవడం రాదు, కానీ కలం కదిలింది, నేను చూశాను.

మూడో రోజుకి ఆకులు అంచుల నుంచి మాడాయి. ఐదో రోజుకి అరటి బోదెలు మెత్తబడి ఒరిగాయి. కరివేపాకు నిలువునా ఎండింది. నల్లమట్టి మీద ఉప్పు పేరినట్టు తెల్లటి పొర కట్టి పెచ్చులు లేచింది. వదిన వచ్చిన రోజే, మాకు ప్రాప్తం కొద్దీ, ఇంటాయన కూడా ఇళ్ళు చూసుకోవడానికి వచ్చాడు. నాలుగు వాటాలవాళ్ళం పెరట్లో నిలబడ్డాం. ఎవరు చేశారిది, ఏం పోశారు అని అడిగాడు.

వదిన వంగి చిటికెడు మట్టి తీసి నలిపి చూసింది. లేచి నా చేతుల వైపు చూసింది. నేను చేతులు కొంగులో దాచుకున్నాను. మా ఆయన దగ్గు పెరట్లోకి వినపడుతోంది.

"నేనేనండీ. ఉప్పుచేపలు కడిగిన నీళ్ళు పోసి వెళ్ళాను ఊరికి. అంత ఉప్పని అనుకోలేదండీ" అంది.

ఇంటాయన అనాల్సినవన్నీ అన్నాడు. చదువుకున్న మనుషుల్లా కనపడతారు, నేలని చంపేశారు అన్నాడు. వదిన తలొంచుకుని వింది. నేను అక్కడే ఉన్నాను. నాకు ఇంత నోరుంది. సంతలో నలుగురిని నిలబెట్టి కడిగెయ్యగల నోరు. ఆవేళ అది తెరుచుకోలేదు. తెరిస్తే ఆ సాయంత్రానికి దగ్గే మనిషిని మోసుకుని ఎక్కడికి పోవాలి?

అందరూ వెళ్ళాక నేను వదిన గుమ్మంలోకి వెళ్ళి నిలబడ్డాను. ఆవిడే అంది.

"నీళ్ళు పారబొయ్యద్దని చెప్పాను గాని వదినా, ఏ నీళ్ళో చెప్పలేదు. సగం చెప్పి ఊరుకున్నదాన్ని నేను."

నన్ను ఒక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండేది. తిట్టించుకుంటే మనిషికి తేలిగ్గా ఉంటుంది.

తర్వాత ఇద్దరం మోకాలి లోతున ఆ మట్టి తవ్వి తీశాం. దాన్ని ఎక్కడ పడేస్తే అక్కడ నేల చస్తుందని, పాతగోనెల్లో కట్టి పంటకాలవకి దూరంగా, ఇటుకబట్టీవాళ్ళు తవ్వి వదిలేసిన గోతిలో వేయించింది. కాలవలు కట్టేశారు కాబట్టి అడుగున ఒండ్రుమట్టి దొరికింది. తట్టలతో మోశాం. కూరల తొక్కలు, టీపొడి పిప్పి, చిట్టు, ఎండుటాకులు, పేడ. పొర మీద పొర. నాలుగు వాటాల వంటింటి చెత్త ఒక్క గుప్పెడు బయటికి పోలేదు. కోడిగుడ్డు పెంకులు కూడా నలిపి వేసేది. మొదటి ఏడాది ఏం మొలవలేదు. రెండో ఏడాది గోంగూర వచ్చింది. మూడో ఏడాది వానపాములు కనపడ్డాయి. వదిన నన్ను పిలిచి చూపించింది. బంగారం దొరికినట్టు అరచేతిలో పెట్టుకుని చూపించింది. ఆ తర్వాతే అరటి వేశాం.

నేను మళ్ళీ ఇంట్లో రంగు వెయ్యలేదు. రంగు వేసిన నూలే తెచ్చుకుంటున్నాం. మా ఆయన ఆ మరుసటేడు పోయాడు. అప్పుడైనా చెప్పి ఉండాల్సింది. చెప్పలేదు. ఇవాళ చెబుదాం, రేపు చెబుదాం అనుకుంటూ ఇన్నేళ్ళు. కోటేశ్వరమ్మ మాత్రం ఎప్పుడు కోపమొచ్చినా, ఏం వదినా, ఇవాళ ఏం పోశావు చెట్లకి అని దెప్పేది. వదిన నవ్వేసేది. నావైపు చూసేది కాదు. చూస్తే నేను చెప్పేస్తానని కాబోలు.

వదిన పోయిన రోజు వాళ్ళ ఆడవాళ్ళు పెరట్లో దుప్పట్లు కట్టి, పలకరాయి పక్కన బల్ల వేసి స్నానం చేయించారు. నన్ను లోపలికి రమ్మన్నారు గాని నేను వెళ్ళలేదు. బయట ఉండి బిందెలు అందించాను. రేగాకు వేసి కాచిన నీళ్ళు. దుప్పటి కింద నుంచి నీళ్ళు సన్నగా బయటికి వచ్చి, పెంకుల కాలవలో పడి, అరటిచెట్ల వైపు పోయాయి. ఒక రేగాకు తేలుతూ వెళ్ళి గుంట దగ్గర ఇసకలో ఆగింది. నేను బిందె పట్టుకుని దాన్నే చూస్తున్నాను. లోపల్నుంచి నీళ్ళు, నీళ్ళు అని అడుగుతున్నారు. రెండుసార్లు పిలిచాక తెలివొచ్చింది.

మూడో రోజు ఇంటాయన పరామర్శకి వచ్చాడు. కూర్చున్నాడు, మంచిమాటలే అన్నాడు. వెళ్తూ పెరట్లోకి తొంగిచూసి కోటేశ్వరమ్మతో, ఇంక ఈ చెత్తగుంటలు చూసుకునేవాళ్ళెవరు, పెరడంతా గచ్చు చేయించి, నీళ్ళు గొట్టంలో వీధి కాలవకి కలిపేస్తాను, ఎలాగూ ఈ నేలని ఒకసారి చంపింది ఆవిడే కదా అన్నాడు. నేను గోడ ఇవతల ఉన్నాను. మొన్న సోమవారం ఇసక వచ్చింది. నిన్న సిమెంటు బస్తాలు వచ్చాయి. మేస్త్రీ టేపు పెట్టి కొలుచుకుని వెళ్ళాడు.

అందుకని ఇది రాయిస్తున్నాను. ఒకటి ఇంటాయనకి వెళ్తుంది. ఇంకోటి నలభయ్యో రోజు వదిన పేరున చేసే ఫాతెహాకి వీధంతా భోజనానికి వచ్చినప్పుడు చదవాలి. కోటేశ్వరమ్మ ముందు వరసలో కూర్చుని వినాలి.

అయ్యా, ఆ నేలని చంపింది వదిన కాదు. నేను. ఉప్పుచేపలూ లేవు, ఏమీ లేదు. ఆవిడ మైలవరంలో ఉంది. చంపింది నేనైతే, బతికించింది ఆవిడ. మీరు గచ్చు చేయించేది బతికిన నేల మీద. ఇంట్లో రంగు వెయ్యొద్దన్న మీ మాట దాటాను, ఇన్నేళ్ళు దాచాను. వాటా ఖాళీ చెయ్యమంటే చేస్తాను. నా కొడుక్కి చెప్పాను, మగ్గం విప్పడానికి రెండు రోజులు పడుతుందన్నాడు. నన్ను పంపించండి. నేలని మాత్రం మూయించకండి. గుంటలో ఇసక మార్చడం, తొక్కలు తిరగెయ్యడం నేనూ కోటేశ్వరమ్మా చూసుకుంటాం. ఆవిణ్ణి అడగలేదు. అడిగితే తిడుతుంది, తిట్టి చేస్తుంది.

వదిన గొప్పమనిషి అని నేను చెప్పడం లేదు. ఆ మాట అంటే ఆవిడే నవ్వుతుంది. పక్కవాటాలో ఉండేది, నామీద పడాల్సిన మాట తన మీద వేసుకుంది, దాన్ని దింపుకోకుండానే వెళ్ళిపోయింది. నేను చెప్పేది అంతే.

చెప్పడం అయింది. అమ్మాయి మొదట్నుంచీ చదివి వినిపించింది. ఎక్కడా మార్చలేదు. ఆ మూడు బకెట్ల చోటు రెండుసార్లు చదివింది. ఇంకు రాసి వేలు పెట్టమంది. పెట్టాను. ముద్ర పడలేదు, మసక మచ్చ పడింది. ఇంకోసారి పెట్టాను, పడలేదు. ఆ సోడామందులో ఏళ్ళ తరబడి నాని వేలి మీద గీతలన్నీ అరిగిపోయాయి. నేనే ఇప్పటిదాకా చూసుకోలేదు. ఇప్పుడెలా అన్నాను. ఈ అమ్మాయి దగ్గరికి జరిగి, నా వేలు తన ఓణీ చెంగుతో తుడిచి, మళ్ళీ ఇంకు రాసి, తన రెండు చేతులతో నా చెయ్యి పట్టుకుని కాగితం మీద అదిమింది. చాలాసేపు అలాగే పట్టుకుని ఉంది.

బిట్రా వెంకటసుబ్బమ్మ, ఎడమచేతి బొటనవేలి ముద్ర

రాసినది: షేక్ జరీనా, మూడో వాటా

చూసినవారు: బిట్రా నాగేశ్వరరావు, కొడుకు
పామర్తి కోటేశ్వరమ్మ, నాలుగో వాటా (సంతకం పెట్టింది, ఏం రాశారో ఇంకా వినలేదు)